చేతులు వెనక్కి కట్టుకునే సారు

ఫోన్ చేసింది కోదాడ. "సార్ పోయారు" అన్నాడు. నా నోట మొదట వచ్చిన మాట అయ్యో కాదు. "చూసినవా, అనుకున్నవా?" అన్నాను.

ఆ మాటకు ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. చావు కబురు చెప్పుకుంటూ నవ్విన వాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నవ్వు ఆగాక వాడు గొంతు సవరించుకుని, "చూశానే తల్లీ. సూర్యాపేటలో వాళ్లింటి ముందే నిలబడి ఉన్నా. నువ్వు బయల్దేరు" అన్నాడు. మిర్యాలగూడలో బస్సెక్కి కిటికీ పక్కన కూలబడ్డాక గానీ నాకు ఏడుపు రాలేదు.

కోదాడ అంటే మనిషే. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, సార్ మమ్మల్ని ఊరి పేర్లతోనే పిలిచేవారు. తుంగతుర్తి నుంచి వచ్చిన పిల్ల తుంగతుర్తి. నేను మిర్యాలగూడ. దీనివల్ల కొన్ని ఇబ్బందులు లేకపోలేదు. ఒకసారి మునగాల స్టేజీ దగ్గర సార్ లేచి "కోదాడ, దిగు" అనేసరికి, కోదాడ వచ్చేసిందనుకుని ఇద్దరు ముసలివాళ్లు మూటలతో సహా దిగిపోయారు. వాళ్లను మళ్లీ ఎక్కించడానికి కండక్టరుతో మాకు పెద్ద పంచాయితీయే అయింది.

ఎనభైల చివరి సంగతి ఇది. మేం సూర్యాపేటలో డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి ఊపిరి పీల్చుకుంటున్నాం. మంచినీటి జీవావరణం మీద వేసవి పరిశోధన శిక్షణ, ఇష్టమున్న విద్యార్థులు రావచ్చు అని మా జువాలజీ సార్ సంతకంతో నోటీసు బోర్డు మీద ఒక కాగితం పడింది. చెరువుల్లో, కాలువల్లో, కుంటల్లో నీళ్లు ఎలా ఉన్నాయి, ఆ నీళ్లను నమ్ముకుని ఏమేం బతుకుతున్నాయి అని మనంతట మనం చూసి నేర్చుకోవడం అన్నమాట. బుద్ధున్న వాళ్లంతా మేనమామల ఇళ్లకూ పెళ్లిళ్లకూ వెళ్లిపోయారు. మే నెల ఎండలో చెరువుల వెంట తిరగడానికి మిగిలింది మేం ముగ్గురమే.

ముగ్గురికీ ఇంటర్వ్యూ పెట్టారు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ బకెట్ ఉంది. సార్ కిటికీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, బకెట్లో ఏముందని అడిగారు. నీళ్లు సార్ అన్నాను. చూసినవా అన్నారు. వంగి చూస్తే అందులో ఏదో వెంట్రుక ముక్కంత పురుగు మెలికలు తిరుగుతోంది. ఏంది అది అని అడిగితే, నాకు నిజంగానే తెలియక తెల్వదు సార్ అన్నాను. రేపు పొద్దున ఫస్టు బస్సుకు రమ్మన్నారు. కోదాడ అలా కాదు. బకెట్ వైపు తిరగకుండానే చెరువు నీళ్లలో ఉండే జీవులన్నిటి శాస్త్రీయ నామాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. సార్ అంతా విని, "చూసినవా, అనుకున్నవా?" అన్నారు. వాడు నేల చూపులు చూస్తూ "అనుకున్నానండీ" అన్నాడు. నిజం ఒప్పుకున్నందుకు వాణ్ణి కూడా తీసుకున్నారు.

మా నాన్న మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తా. ఆడపిల్లను చెరువు కట్టల మీద తిప్పే చదువేంటో తేల్చుకుందామని పనిగట్టుకుని సూర్యాపేట వచ్చి సార్‌ని కలిశాడు. దీనితోని ఏం నౌకరి వస్తది సారూ అని అడిగాడు. సార్ కొంచెం ఆలోచించి, తెల్వదు అన్నారు. మా నాన్న బయటికొచ్చి, ఇన్నేండ్లల్ల అబద్ధం చెప్పని సారును ఈయన్నే చూసిన అని నన్ను అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ 'తెల్వదు' సార్‌కి ఎంత ఇష్టమైన మాటంటే, మౌఖిక పరీక్షలో తప్పు జవాబుకు సున్నా వేసి, తెలియదు అన్నవాడికి సగం మార్కులు వేసేవారు. ఈ సంగతి తెలిశాక కోదాడ సంబరానికి అంతు లేదు. ఆ శిక్షణలో పెట్టిన మొదటి పరీక్షలో అడిగిన ప్రతిదానికీ తెలియదండీ, తెలియదండీ అంటూ పోయాడు. సార్ శాంతంగా, ఏం తెల్వదో చెప్పు అన్నారు. వాడు నోరు తెరిచాడు. తెలియనిదేదో చెప్పాలంటే తెలిసింది ఎంతవరకో తెలిసుండాలని అప్పుడు గాని మాకు అర్థం కాలేదు. వాడికి వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పడం స్నేహధర్మం కాదు.

మా పనిముట్ల గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. నీళ్లలో కంటికి ఆనని జీవాలను పట్టడానికి సన్నని పట్టుగుడ్డతో గరాటులాంటి వల ఒకటి కావాలి, దాని కొసన చిన్న సీసా కట్టాలి. సార్ సూర్యాపేటలో ఒక లంగాల టైలరుకు ఆ గుడ్డ ఇచ్చారు. టైలరు నడుము కొలత అడిగితే సార్ చెప్పారు గానీ, ఎవరికని అడిగితే చెరువుకు అన్నారు. ఆయనేమనుకున్నాడో ఏమో, కుట్టి ఇచ్చేటప్పుడు పైన చుట్టూ గులాబీ రంగు అంచు కూడా వేసి ఇచ్చాడు. సార్ దాన్ని అటూ ఇటూ తిప్పించి చూసి బాగున్నది అన్నారు. ఆ ఎండాకాలమంతా మా జిల్లా సూక్ష్మజీవులన్నీ గులాబీ అంచు లంగాలోనే పైకొచ్చాయి.

ఇంకొకటి పళ్లెం. సార్ వాళ్లింట్లో అన్నం తినే స్టీలు పళ్లేనికే నలుపు, తెలుపు రంగులు వేసి, మధ్యలో బెజ్జం చేసి తాడు కట్టారు. దాన్ని నీళ్లలోకి దింపుతూ పోతే ఎక్కడ కనిపించకుండా పోతుందో చూసి, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చెప్పాలి. మిర్యాలగూడ దగ్గర ఎడమ కాలువలో కోదాడ వేసిన ముడి ఊడి పళ్లెం కొట్టుకుపోయింది. ఏమైంది అన్నారు సార్. "పోయిందండీ" అన్నాడు వాడు. చూసినవా? "కళ్లారా చూశానండీ, తిరుక్కుంటూ పోయింది." అయితే రాసుకో, పొద్దుమూకి మా ఇంట్ల నువ్వే చెప్పు అన్నారు. వాళ్లావిడ వాణ్ణి పల్లెత్తు మాటనలేదు. అందరికీ పళ్లాల్లో అన్నం పెట్టి, వాడికి మాత్రం విస్తరాకులో పెట్టింది. సెలవులయ్యేదాకా వాడు ఆ ఇంట్లో ఎప్పుడు తిన్నా విస్తరే.

ఇదంతా జరుగుతున్నప్పుడు సార్ చేతులు ఎక్కడుండేవో చెప్పనక్కర్లేదు. వెనకాలే. మేం వల విసురుతున్నా, అది తుమ్మకంపకు తట్టుకుని చిరుగుతున్నా, తుంగతుర్తి మోకాళ్ల లోతు బురదలో దిగబడి సార్ సార్ అని అరుస్తున్నా ఆ చేతులు ముందుకొచ్చేవి కావు. "మునిగేటట్టుంటే చెప్పు, తీస్త" అన్నారు తుంగతుర్తితో. పట్టుకుని నేర్పించరేం సార్ అని నేనొకసారి విసుక్కుంటే, నేను పట్టుకుంటే అది నా కొలత అయితది, నీది కాదు అన్నారు. నాకప్పుడు అది ఒళ్లు వంచని వాళ్లు చెప్పే సాకులా అనిపించింది. కోదాడకైతే ఇప్పటికీ కొంత అనుమానమే.

మేం వారానికోసారి వెళ్లే చోట్లలో మునగాల నుంచి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి చెరువుంది. సార్ అక్కను ఇచ్చింది ఆ ఊరికే. సార్ వాళ్లది గొర్లు కాసుకునే ఇల్లు, అక్కను ఇచ్చిందీ గొర్లున్న ఇంటికే. అందువల్ల ఊళ్లో మగవాళ్లందరికీ సార్ బావమరిదే. చదువుకుని లెక్చరర్ అయ్యాడు కాబట్టి మర్యాదకు 'బామ్మర్ది సారు' అనేవాళ్లు. వెళ్లినప్పుడల్లా అక్క మాకు జొన్నరొట్టె, చల్ల పెట్టకుండా పంపేది కాదు. సార్ బావ అసలే మాటలు తక్కువ మనిషి. నా చేతిలో థర్మామీటర్ చూసి, ప్రతిసారీ అదే ప్రశ్న అడిగేవాడు. "నీళ్లకు జెరం ఎంతున్నది బిడ్డా?" నేను అంకె చెప్తే, నిజంగానే ఎవరికో ఒళ్లు వెచ్చబడినట్టు తల పంకించి గొర్ల వెనక పోయేవాడు. నాకు ఆయనంటే చాలా ఇష్టం.

ఆ ఎండాకాలం సగం దాటాక ఒక పొద్దున ఫస్టు బస్సు దిగి చెరువు దగ్గరికి పోయేసరికి కట్ట మీద ఊరంతా ఉంది. నీళ్లు అప్పటికే అడుగంటి, పచ్చగా చిక్కబడి ఉన్నాయి. ఒడ్డు పొడవునా చేపలు తెల్ల కడుపులు పైకి తేలి పడున్నాయి. బొచ్చెలు, రవ్వలు, మత్స్యకారుల సొసైటీ వాళ్లు పిల్లలు వదిలి ఏడాదిగా పెంచుకున్నవి, నేడో రేపో పట్టుకుందామనుకున్నవి. ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని ఏడుస్తున్నారు. మధ్యలో సార్ బావ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందురోజు ఆయన ఉన్ని కత్తిరించడానికని మంద మొత్తాన్ని చెరువులో కడిగాడు. అంతకు కొన్నాళ్ల ముందు గొర్ల ఒంటి మీద పిడుదులు చావడానికి మందు చల్లాడు. ఆ మందే నీళ్లలో కలిసి చేపలు చచ్చాయని ఊరి మాట. కడగడం నిజమేననీ, మందు ఎప్పుడో రాలిపోయిందనీ ఆయన రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. సొసైటీ పెద్దమనిషి కోపిష్టి కాడు గానీ, ఏడాది కష్టం కళ్ల ముందు తేలుతుంటే ఎవరు మాత్రం నెమ్మదిగా మాట్లాడతారు? ఇవాళ్టి నుంచి నీ మంద చెరువులోకి దిగడానికి లేదన్నాడు. ఆ ఎండల్లో దగ్గర్లో ఇంకెక్కడా నీళ్లు లేవు. చెరువు లేదంటే మంద లేనట్టు. అంటే మందను తోలుకుని, ఇల్లు మూసుకుని, ఊరు విడిచిపోవడమే.

అప్పుడే ఎవరో మమ్మల్ని గమనించారు. అందరి తలలూ సార్ వైపు తిరిగాయి.

"బామ్మర్ది సారూ, నువ్వు నీళ్లు సదివినోడివి. నువ్వే చెప్పు. ఇది మందుతోని అయిందా, కాలేదా?" అని అడిగాడు పెద్దమనిషి.

సార్ చెరువు చూశారు. బావను చూశారు. జనం చివర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ అక్కను చూశారు. చేతులు వెనక్కి కట్టుకుని, "తెల్వదు" అన్నారు.

ఆ మాట విని నవ్వుకున్న రోజులన్నీ గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది. పరీక్షలో సగం మార్కులకు పనికొచ్చే మాట ఇక్కడ దేనికి పనికొస్తుంది? అక్క జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "నీకు తెల్వకపోతె ఇంకెవ్వలికి తెలుస్తది రా?" అంది. సార్ తల వంచుకున్నారు. ఆమె ఇంటి దారి పట్టింది.

సార్ పెద్దమనిషితో, తీర్పు ఒక్క పూట ఆపమనీ, రేపు తెల్లారక ముందు ఊరంతా ఇక్కడికే రమ్మనీ, తెలుసుకునే ఉపాయం ఒకటుందనీ చెప్పారు. ఆయన కాసేపు నసిగి ఒప్పుకున్నాడు. అప్పటిదాకా మందను దొడ్డి నుంచి కదిలించొద్దని షరతు పెట్టాడు.

జనం కదిలాక నేను ఆగలేకపోయాను. కొర్రమట్టలు చావలేదు సార్ అన్నాను. చూసినవా అన్నారు. చూసిన సార్, ఒడ్డుకు బురదలో తిరుగుతున్నయి. కొర్రమట్ట చేప పైకొచ్చి మనలాగే గాలి పీల్చుకుంటుంది, కాబట్టి చచ్చినవి నీళ్లలో గాలి లేక చచ్చాయి, మందుతో అయితే అవీ చచ్చేవి కదా అని గడగడా చెప్పేశాను. రాత్రి మబ్బు పట్టి గాలి స్తంభించి ఉక్కపోసింది, చెరువు నిండా నాచు, తెల్లారేసరికి నీళ్లలో గాలంతా అదే తాగేసి ఉంటుందని కోదాడ అందుకున్నాడు. సీసాలో నీళ్లు పట్టి మన రసాయనం చుక్కలు వేసి చూపిద్దామంది తుంగతుర్తి. గాలున్న నీళ్లయితే బెల్లం రంగు తిరుగుతాయి, లేకపోతే పాలలా తెల్లబడతాయి, అది మాకు రోజూ చేసే పనే.

"ఆ చుక్కలు మనం పోసినయి. మనం పోసింది వాళ్లెందుకు నమ్మాలె?" అన్నారు సార్. "వేరే ఊరయితే కొలిచి చెప్పేటోణ్ణి బిడ్డా. గీడ నా మాట, మా బావ మాట ఒక్కటే. నేను కాదంటె రేపటి సంది బామ్మర్ది ఎనకేసుకొచ్చిండంటరు. ఆయన బతికినన్నాళ్లు అదే అంటరు."

ఆ పూట మేం అక్క ఇంట్లోనే ఉన్నాం. ఆమె మాకు మామూలుగానే కొసరి కొసరి పెట్టింది. తమ్ముడికి కూడా పెట్టింది, కానీ పళ్లెం నేల మీద పెట్టిన చప్పుడు వీధిలోకి వినిపించింది. బావ దొడ్డి దగ్గరే కూర్చున్నాడు. నీళ్లు లేక గొర్లు అరుస్తుంటే ఇంటి బానలో ఉన్నవన్నీ వాటికి పోశాడు. అక్క నా పక్కన కూర్చుని, "మీ సారు అన్నీ సదివిండు బిడ్డా. మా ఇంటాయన మొకం ఒక్కటే సదువలేదు" అంది.

ఆ రోజు మాకు పట్టుకున్న భయం ఇంకొకటి. రాత్రి గాలి వీచిందంటే చెరువు నీళ్లు కదిలి, గాలి కలిసిపోయి, తెల్లారేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. మే నెలలో, ఉక్కకు ఒళ్లంతా కారిపోతుంటే, గాలి రావొద్దని మొక్కుకున్న వాళ్లం భూమ్మీద మేమే అయి ఉంటాం. వాకిట్లో మంచాలు వేసుకుని వేపాకు కదులుతుందేమోనని చూస్తూ పడుకున్నాం. జర గాలొస్తె పానం లేచొచ్చు అని తుంగతుర్తి నోరు జారి, కోదాడ గుడ్లురిమితే నాలుక కరుచుకుంది. ఆకు కదల్లేదు.

తెల్లవారుజామున ఊరంతా మళ్లీ కట్ట మీదికొచ్చింది. సార్ ఏం చేయాలో చెప్పారు గానీ దేన్నీ ముట్టలేదు. మమ్మల్నీ ముట్టనివ్వలేదు, తన వెనక నిలబడమన్నారు. పెద్దమనిషి ఇంటి నుంచే రెండు గంగాళాలు తెప్పించారు. సొసైటీ వాళ్లే నీళ్లు ముంచారు, ఒకే చోట, కదలకుండా. నోళ్లు తెరుచుకుని పైకొచ్చి తన్నుకుంటున్న చిన్న రవ్వలను వాళ్లే పట్టుకొచ్చారు. ఒక గంగాళాన్ని అలాగే ఉంచమన్నారు. రెండో దాంట్లో నీళ్లను మాత్రం ఛాయ్ చల్లార్చినట్టు పైనుంచి తిరగబొయ్యమన్నారు.

"మందుంటె ఎంత తిరగబోసినా చేప చస్తది. గాలి లేక అయితె, తిరగబోసిన కాడ బతుకుతది. నేనేం చెప్పను. మీరే చూడుండ్రి" అన్నారు.

పెద్దమనిషే బిందె తీసుకుని పొయ్యడం మొదలుపెట్టాడు. కాసేపటికి చేతులు పడిపోయాయి. బస్సు స్టేజీ దగ్గర హోటల్ నడిపే అతన్ని ముందుకు తోశారు. ఆయనకదే విద్య. లుంగీ ఎగ్గట్టి, నీళ్లను నిలువెత్తు పైకి లేపి, ఒక్క చుక్క బయట పడకుండా తిరగబోశాడు. అంత గంభీరంలోనూ వెనకనుంచి ఎవరో చక్కెర జర తక్కువెయ్యమన్నారు. ఆ నవ్వుకు ఏడ్చేవాళ్లు కూడా తలలెత్తారు. తర్వాత రెండు గంగాళాల్లోనూ ఒక్కో చేపను వదిలి, అందరం చుట్టూ మూగి చూశాం.

అందరూ గంగాళాలనే చూస్తున్నారు. సార్ ముఖం మామూలుగా ఉంది, బస్సు కోసం ఎదురుచూసే మనిషి ముఖంలా. అక్క ఎదురుగా, జనం అవతల నిలబడి ఆ ముఖాన్నే చూస్తోంది. నేను సార్ వెనక ఉన్నాను కాబట్టి నాకు ముఖం కనిపించలేదు. నాకు కనిపించినవి ఆయన చేతులు. కుడిచెయ్యి ఎడమ మణికట్టును పట్టుకుని ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి, గోళ్లు చర్మంలోకి దిగాయి. ఆ పట్టు కింద చెయ్యి వణుకుతోంది, ఎంత బిగించినా ఆగడం లేదు. ఆయన తెల్వదు అన్నది నిజంగా తెలియకేనని నాకు అప్పుడు తెలిసింది. తిరగబోసిన గంగాళంలో చేప చస్తే, మందేనని కూడా ఆయనే ఒప్పుకోవాలి, అక్క ముందు నిలబడి.

కదల్చని గంగాళంలో రవ్వ పైకొచ్చింది. నోరు తెరిచి మూసింది. మెల్లగా పక్కకు ఒరిగింది. రెండో దాంట్లోది అడుగుకు పోయి, చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కట్ట మీదికి పొద్దెక్కేదాకా తిరుగుతూనే ఉంది. అయినా పెద్దమనిషికి తనివి తీరలేదు. ఒరిగిన చేపను తన చేత్తోనే తీసి రెండో గంగాళంలో వేశాడు. చాలాసేపటికి దాని మొప్పలు ఆడాయి, ఒకసారి వెల్లకిలా పడి లేచింది, ఆ తర్వాత నిలదొక్కుకుని ఈదింది.

"మందు లేదు" అన్నాడు పెద్దమనిషి. ఊరి వైపు తిరిగి మళ్లీ అన్నాడు. "మన చెరువుల గాలే లేదు. గొర్ల తప్పు లేదు."

బావ తలగుడ్డ చుట్టుకుని దొడ్డి వైపు గబగబా నడిచాడు. కాసేపటికి మంద మొత్తం దుమ్ము రేపుకుంటూ వచ్చి మా మధ్య నుంచే చెరువులో దిగింది. హోటలతను అందరికీ ఛాయ్ పోశాడు. నీళ్లకు జెరం తగ్గింది అని నేను బావతో చెబుదామనుకున్నాను గానీ, ఆయన అప్పటికే గొర్ల వెనక నీళ్లలోకి దిగిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సార్ టికెట్ కోసం ఎడమచెయ్యి చాపారు. మణికట్టు మీద గోళ్ల గుర్తులు ఎర్రగా, రక్తం చిమ్మేలా ఉన్నాయి. కోదాడ చూసి "ఏమైంది సార్?" అన్నాడు. సార్ చెయ్యి వెనక్కి తీసుకుని, తెల్వదు అన్నారు. ఆయన నోట నేను విన్న అబద్ధపు 'తెల్వదు' అదొక్కటే.

తర్వాత కూడా ఎన్నో ఎండాకాలాలు గడిచాయి. తొంభైల్లో నేను మిర్యాలగూడలో జువాలజీ చెప్పడం మొదలుపెట్టాక, నా క్లాసు పిల్లలను తీసుకుని సార్‌తో పాటు హుజూర్‌నగర్ వైపు చెరువులన్నీ తిరిగాను. అవే చేతులు, అదే వెనక. ఆ అంచు లంగా చిరిగి, కొత్తది కుట్టించినా టైలరు అలవాటుగా దానికీ అంచు వేశాడు. వాటి గురించి ఎంత చెప్పినా తరగదు.

సూర్యాపేటలో ఆ ఇంటికి చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. కోదాడ అరుగు మీద కూర్చుని ఉన్నాడు, తుంగతుర్తి దారిలో ఉందన్నాడు. లోపలి నుంచి సార్ భార్య వచ్చి అందరికీ అన్నాలు పెట్టిస్తూ, వాడి ముందు మాత్రం మర్చిపోకుండా తనే విస్తరి వేసింది. వాడు దాన్ని చూసి, తినలేక లేచిపోయాడు.

అక్క వరండాలో ఒక్కతే గోడకానుకుని కూర్చుని ఉంది. బాగా ముసలిదైంది. బావ పోయి చాలా ఏళ్లయింది. వాళ్ల మంద ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది, కొడుకు చూసుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. నా తమ్ముడు మంచోడే బిడ్డా అంది. మా నాయన పెంపకం, గొర్రె తప్పిపోయింది, తోడేలు ఎత్కపోయింది అని మేం చెప్తే, సూసిన్రా, అనుకున్నరా అని అడిగేటోడు, తమ్మునికి గదే పట్టుకున్నది అంది. ఆగి, చాలా కాలంగా లోపల ఉన్నదాన్ని బయటికి తీసినట్టు అంది.

"ఆ దినం మా ఇల్లు నిలవెట్టిండు. కాదనను. కానీ నా తమ్ముడు జర్రంత గుబులన్న పడలే. నేను మొకమే సూస్కుంట నిలవడ్డ. బండ లెక్కున్నడు. నాకు గదొక్కటే, ఇన్నేండ్లు."

నేను ఆమెకు చెప్పాను. ఎదుటి నుంచి కనిపించనిదీ, వెనక నుంచి నేను చూసిందీ, గోళ్లు, వణుకు, బస్సులో రక్తం చిమ్మేలా ఉన్న గుర్తులు, అంతా చెప్పాను. ఆమె కదలకుండా విన్నది. విన్నాక నా ముఖంలోకి చూస్తూ మెల్లగా అడిగింది.

"సూసినవా, అనుకున్నవా?"

"చూసిన అక్కా."

ఆమె తన ఎడమచెయ్యి నా ముందుకు చాపి, "ఏడ?" అంది. నేను ఆమె మణికట్టు మీద వేలు పెట్టి చూపించాను. ఆ చోటును ఆమె కుడిచేత్తో మూసి పట్టుకుంది. నేను వచ్చేసేదాకా తియ్యలేదు.